నూనెలో సాగే నీటి బొట్టులో ద్రవాలు ఎంతవరకు కలిశాయో ప్రతిదీప్తితో కొలవడం ఎలా

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పరిశోధన తొలి ఏడాది పనికో మైక్రోఫ్లూయిడిక్ బిందువులను, అంటే సన్నని కాలువల్లో నూనె మధ్య సాగే నీటి బొట్లను, ఎంచుకున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందులో ఒక ద్రవంలో ప్రతిదీప్తి రంగు (ఒక కాంతి పడితే మరో రంగు కాంతిని వెలువరించే పదార్థం) కలిపి, అది బొట్టంతా ఎలా పరుచుకుంటుందో చూస్తాం. నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో ఉన్న ప్రయోగశాలల్లో ఒక్కో లోతును విడిగా చూపే కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని సాధారణంగా దొరకదు. ఒక తలకిందుల (కిందినుంచి చూసే) సూక్ష్మదర్శిని, ఎల్‌ఈడీ దీపం, మంచి కెమెరా, రెండు మూడు సిరంజి పంపులు ఉంటే అదే గొప్ప. ఆ సామగ్రితోనే నమ్మదగిన కొలతలు తీయవచ్చు. అయితే ఒక సంగతిని పని మొదలుపెట్టే ముందే మనసులో నాటుకోవాలి: చిత్రంలో కలిసినట్లు కనిపించిన బొట్టు నిజంగా కలిసి ఉండకపోవచ్చు. బొట్టు లోతంతటి నుంచి వచ్చే వెలుగును, ఎక్స్‌పోజర్ కాలమంతటా వచ్చే వెలుగును కెమెరా ఒకే పిక్సెల్‌లో పోగుచేస్తుంది కనుక, విడివిడిగా ఉన్న పొరలు కూడా అందులో ఒకే రంగుగా మారిపోతాయి. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ మోసం నుంచి తప్పించుకోవడానికే.

ముందుగా కాగితం మీద లెక్క

చిప్పు (సన్నని కాలువలున్న చిన్న పలక) తయారీకి పూనుకునే ముందు ఒక గంట కూర్చుని అంకెలు వేసుకోండి. కాలువ వెడల్పు 100 మైక్రోమీటర్లు, లోతు 50 మైక్రోమీటర్లు, బొట్టు వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు అనుకుందాం. నీటికి ఈ కొలతలతో రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహపు జడత్వానికీ స్నిగ్ధతకూ ఉన్న నిష్పత్తి) సుమారు 1 వస్తుంది. అంటే సంక్షుబ్ధ ప్రవాహం పుట్టే ప్రశ్నే లేదు, ద్రవాలు పొరలు పొరలుగా పక్కపక్కనే సాగిపోతాయి. ఫ్లోరెసీన్ వంటి చిన్న అణువుకు నీటిలో వ్యాపన గుణకం (అణువులు తమంతట తాము ఎంత త్వరగా పరుచుకుంటాయో తెలిపే అంకె) సెకనుకు సుమారు 420 చదరపు మైక్రోమీటర్లు. కేవలం వ్యాపనం మీదనే ఆధారపడితే 100 మైక్రోమీటర్ల దూరం దాటడానికి దానికి 12 సెకన్లు పడుతుంది. అంతలో బొట్టు 12 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. మామూలు చిప్పులో అంత పొడవు కాలువను ఇరికించడమే కష్టం.

బొట్టు లోపల మాత్రం కథ వేరు. కాలువ గోడలు వెనక్కి లాగుతుంటే బొట్టు ముందుకు సాగుతుంది కనుక, దాని ఎడమ సగంలో ఒక సుడి, కుడి సగంలో ఒక సుడి పుడతాయి. తిన్నని కాలువలో ఈ రెండు సుడులూ సమానంగా ఉండి, దేని సగంలో అది తిరుగుతుంది. అందువల్ల బొట్టు ముందు భాగంలో ఒక ద్రవం, వెనుక భాగంలో మరొకటి ఉంటే త్వరగా కలుస్తాయి. ఎడమ కుడులుగా ఉంటే చాలాసేపు కలవవు. కాలువను వంకరలు తిప్పితే ప్రతి మలుపులోనూ లోపలి గోడ వైపు సుడి, బయటి గోడ వైపు సుడి అసమానమవుతాయి. పరోటా మాస్టరు పిండిని సాగదీసి, మడిచి, తిప్పి, మళ్లీ సాగదీసినట్లు, బొట్టులోని పొరలు ప్రతి వంపుకూ పలుచనవుతూ పోతాయి, పలుచనైన పొరలను దాటడానికి వ్యాపనానికి ఎంతో సమయం అక్కరలేదు. రసాయన శాస్త్రవేత్త రుస్తెమ్ ఇస్మగిలోవ్ బృందం 2003లో ఈ ఉపాయాన్ని బిందువులలో చూపించింది. కలయిక కాలం ఇక్కడ పెక్లే సంఖ్య (ప్రవాహం మోసుకుపోయే తీరుకూ వ్యాపనానికీ ఉన్న నిష్పత్తి) యొక్క సంవర్గమానాన్ని బట్టి పెరుగుతుంది. మన ఉదాహరణలో పెక్లే సంఖ్య దాదాపు 2,400. దాని సహజ సంవర్గమానం 8కి కొంచెం తక్కువ. 150 మైక్రోమీటర్ల పొడవున్న బొట్టు తన పొడవంత దూరం సాగడానికి 15 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, కలయిక కాలం స్థూలంగా 120 మిల్లీసెకన్లు. మీ కొలత ఈ అంకెకు పదింతలు అటో ఇటో వస్తే, చిప్పు కంటే ముందు మీ కొలత పద్ధతిని అనుమానించండి.

చిప్పు, నూనె

పీడీఎంఎస్ (పారదర్శకమైన సిలికోన్ రబ్బరు) చిప్పును మెత్తని లితోగ్రఫీ పద్ధతిలో, అంటే అచ్చు మీద పోసి గట్టిపరిచి, మీరే తయారుచేసుకోవచ్చు, లేదా అచ్చును బయట చేయించుకోవచ్చు. ఒకే చిప్పు మీద రెండు కాలువలు ఉండేలా గీయించండి: ఒకటి తిన్ననిది, ఒకటి వంకరలు తిరిగినది. తిన్నని కాలువ వృథా కాదు, మీ కొలత నిజం చెబుతోందో లేదో తేల్చే సాక్షి అదే.

ప్లాస్మాతో గాజుకు అతికించిన వెంటనే పీడీఎంఎస్ గోడలు నీటిని ఇష్టపడతాయి, మనకు కావలసింది అందుకు విరుద్ధం. 70 నుంచి 80 డిగ్రీల ఓవెన్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే గోడలు మళ్లీ నీటిని తోసివేసే స్థితికి వస్తాయి. తొందరగా కావాలంటే ఫ్లోరినేటెడ్ సైలేన్‌తో శుద్ధి చేయాలి. ఈ దశను దాటవేస్తే బొట్లు గోడలకు అంటుకొని, వెనుక రంగు చారలు వదులుతాయి. ఆ చారలు తరువాతి బొట్టులోకి చేరి లెక్కంతా పాడుచేస్తాయి.

నూనె విషయంలో నా సలహా ఫ్లోరినేటెడ్ నూనెనే వాడమని. ఖరీదు ఎక్కువే, కాని మినరల్ ఆయిల్ పీడీఎంఎస్‌ను ఉబ్బిస్తుంది, పైగా చిక్కగా ఉండడం వల్ల బొట్టు ఏర్పడే తీరే మారిపోతుంది. బొట్లు ఒకదానితో ఒకటి అతుక్కోకుండా తగిన ఫ్లోరినేటెడ్ సర్ఫాక్టెంట్ (సబ్బులా పనిచేసే పదార్థం) కలపాలి. ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిదని మాత్రం అనుకోవద్దు; సర్ఫాక్టెంట్ మిసెల్లులు (దాని అణువుల గుంపులు) కొన్ని రంగులను బొట్టు నుంచి నూనెలోకి మోసుకుపోతాయి. రోడమిన్ జాతి రంగులకు ఈ జబ్బు ఎక్కువ. రోడమిన్ బీ అయితే పీడీఎంఎస్ గోడల్లోకి కూడా ఇంకుతుంది, ఉష్ణోగ్రత మారితే వెలుగూ మారుతుంది. అందుబాటులో ఉంది కదా అని దాన్ని ఎంచుకోకండి.

రంగు, నీరు

తొలి అభ్యాసానికి ఫ్లోరెసీన్ చాలు. ఒక ప్రవేశంలో 50 మైక్రోమోలార్ ఫ్లోరెసీన్ ద్రావణం, మరొక ప్రవేశంలో అదే బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) రంగు లేకుండా పంపండి. ఫ్లోరెసీన్ వెలుగు పీహెచ్ మీద గట్టిగా ఆధారపడుతుంది, 6.4 దరిదాపుల్లో దాని స్వభావమే మారిపోతుంది. కాబట్టి రెండు ద్రావణాలనూ పీహెచ్ 9 దగ్గర ఒకే బఫర్‌లో చేయండి. లేకపోతే మీరు చూసే మార్పు కలయిక వల్లనా, పీహెచ్ తేడా వల్లనా అన్నది తేలదు.

ఫ్లోరెసీన్ పలచబడడాన్ని మాత్రమే చూపుతుంది, అణువులు నిజంగా ఒకదాన్నొకటి చేరాయని చెప్పలేదు. పై పొరలో రంగు, కింది పొరలో నీరు ఉన్నా కిందినుంచి చూసే కెమెరాకు సగం గాఢత గల ఒకే ద్రావణంలా కనిపిస్తుంది. దీనికి విరుగుడు ఫ్లూయో-4 అనే రంగు, కాల్షియం క్లోరైడ్ జంట. కాల్షియం లేనప్పుడు ఫ్లూయో-4 దాదాపు చీకటిగా ఉంటుంది. కాల్షియం తగలగానే వెలుగు వంద రెట్లకు పైగా పెరుగుతుంది. పొరలు పక్కపక్కనే ఉన్నంత మాత్రాన అది వెలగదు, అణువులు కలిస్తేనే వెలుగుతుంది. కణాలలోకి పంపడానికి తయారుచేసిన ఏఎం ఎస్టర్ రూపం కాక, నీటిలో కరిగే పొటాషియం లవణ రూపాన్నే కొనండి.

ఈ రంగుతో పనిచేసేటప్పుడు నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఉన్నవారికి పొంచి ఉండే చిక్కు నీరు. ఫ్లూయో-4 కాల్షియానికి ఎంత సున్నితమంటే, సగం అణువులు పట్టుబడడానికి 0.35 మైక్రోమోలార్ కాల్షియం చాలు. లీటరుకు 1 మిల్లీగ్రాము కాల్షియం ఉన్న నీరంటే 25 మైక్రోమోలార్! మన బోరు నీటిలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కనిగిరి వైపు నీటిని గురించి ఫ్లోరైడ్ వల్ల అందరూ మాట్లాడతారు గాని, గాజు సామాను మీద తెల్లని పొర వదిలే కఠినత్వం సంగతి పరికరాలు కడిగేవారికే తెలుసు. ఒకసారి మా దగ్గర ఒక విద్యార్థి వీధి చివరి ఆర్‌వో ప్లాంటు నుంచి తెచ్చిన డబ్బా నీటితో బఫర్ చేశాడు. కాల్షియం ప్రవాహాన్ని ఇంకా తెరవకముందే బొట్లన్నీ వెలిగిపోయాయి. చిప్పు రూపకల్పనలో తప్పుందని అతను రెండు రోజులు వెతికాడు. డీఅయనైజ్డ్ నీరు మాత్రమే వాడండి, గాజు సీసాలకు బదులు డీఅయనైజ్డ్ నీటితో కడిగిన ప్లాస్టిక్ ట్యూబులు వాడండి, ప్రతి రోజూ ఫ్లూయో-4 ఒక్కదానితో నడిపి ఆ నేపథ్య వెలుగును నమోదు చేయండి. ఫాస్ఫేట్ బఫర్ వద్దు, అది కాల్షియాన్ని అవక్షేపంగా మార్చి కాలువను పూడ్చివేస్తుంది; పీహెచ్ 7.2 దగ్గర మాప్స్ బఫర్ సరిపోతుంది.

కాల్షియాన్ని ఎంత తీసుకోవాలన్నది కూడా ఆలోచించవలసినదే. దానిని రంగు కంటే వందల రెట్లు ఎక్కువగా పెడితే, ఏ కొంచెం కాల్షియం చేరినా ఆ చోటి రంగంతా పూర్తిగా వెలిగిపోయి, కలయిక అసలు కంటే ముందే పూర్తయినట్లు కనిపిస్తుంది. రంగుకు సమానంగానో, రెండు మూడింతలుగానో ఉంచి, ఆ నిష్పత్తిని ఫలితంతో పాటు తప్పక రాయండి. ఫ్లూయో-4 వాడేటప్పుడు రెండు ప్రవాహాల మధ్య వట్టి బఫర్ ప్రవాహం ఒకటి పంపాలి, అంటే నీటి ప్రవేశాలు మూడు. బొట్టు తెగక ముందే అవి తాకి వెలగకుండా ఆ మధ్య ప్రవాహం అడ్డుపడుతుంది.

వెలుగు, కెమెరా

రెండు రంగులకూ ఒకే ఫిల్టర్ల జత సరిపోతుంది: 470 నానోమీటర్ల దగ్గర ప్రేరేపణ, 495 వద్ద ఆ రెండు కాంతులను విడదీసే డైక్రోయిక్ అద్దం, 525 దగ్గర ఉద్గార ఫిల్టర్. దీపానికి గోడ ప్లగ్గు నుంచి నేరుగా నడిచే చౌక డ్రైవర్ వాడితే సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, కంటికి తెలియదు గాని కెమెరాకు తెలుస్తుంది. నిలకడైన డీసీ డ్రైవర్ పెట్టించండి.

అన్నిటికంటే ముఖ్యమైన అమరిక ఎక్స్‌పోజర్. సెకనుకు 10 మిల్లీమీటర్ల వేగంతో పోయే బొట్టు 1 మిల్లీసెకనులో 10 మైక్రోమీటర్లు కదులుతుంది. 20 మిల్లీసెకన్లు పెడితే తన పొడవు కంటే ఎక్కువ దూరం పోతుంది, అప్పుడు మీకు దొరికేది బొట్టు చిత్రం కాదు, ఒక చార. 0.1 మిల్లీసెకను పెట్టండి. అప్పుడు అలుకుడు 1 మైక్రోమీటరుకు దిగుతుంది, 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో 6.5 మైక్రోమీటర్ల పిక్సెల్ ఉన్న కెమెరాలో అది పిక్సెలున్నరకు సమానం. వెలుగు తక్కువవుతుంది కనుక ఎల్‌ఈడీని కెమెరా ట్రిగ్గర్‌తో కలిపి, ఆ క్షణానికి మాత్రమే గట్టిగా వెలిగించాలి. ఇంకా చాలకపోతే ఆబ్జెక్టివ్ మార్చండి గాని ఎక్స్‌పోజర్ పెంచవద్దు, పిక్సెళ్లను నాలుగింటిని ఒకటిగా కలిపే బిన్నింగ్ కూడా వద్దు. పిక్సెల్ కంటే పలుచనైన పొర ఎప్పుడూ కలిసిపోయినట్లే కనిపిస్తుందన్నది మరవకండి.

0.3 సంఖ్యాత్మక ద్వారం గల 10 రెట్ల ఆబ్జెక్టివ్‌కు స్పష్టంగా కనిపించే లోతు సుమారు 8 మైక్రోమీటర్లే. కాలువ లోతు 50. మిగిలిన లోతులోని వెలుగు మసకగా చిత్రంలో కలుస్తూనే ఉంటుంది. దాన్ని తీసివేయలేం, అందుకే ఫ్లోరెసీన్ ఫలితాన్ని ఫ్లూయో-4 ఫలితం పక్కన పెట్టి చూడాలి. మామూలు వెలుగులో కాలువ గోడల అంచులు చూసి, మధ్య లోతుకు ఫోకస్ చేసి, ఆ తరువాతే ప్రతిదీప్తికి మారండి. ప్రవాహం ఆగి ఉన్నప్పుడు నీలి దీపాన్ని వెలిగించి ఫోకస్ కోసం వెతుకుతూ కూర్చుంటే రంగు వెలిసిపోతుంది.

సూక్ష్మదర్శిని కింద కదలని బల్ల కావాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకల్లో అంచు విరిగి అమ్ముడుపోనివి దొరుకుతాయి; అటువంటి మందపాటి పలకను సగం గాలి నింపిన స్కూటర్ ట్యూబుల మీద పెడితే విదేశీ కంపన నిరోధక బల్ల చేసే పనిలో చాలా భాగం అది చేస్తుంది. ఎక్స్‌పోజర్ చిన్నది కనుక అదురు వల్ల ఒక్కో చిత్రం చెదరకపోవచ్చు, కాని గంటసేపు నడిచే ప్రయోగంలో కొలత స్థానమే పక్కకు జరుగుతుంది.

నడపడం

ముందు నూనె, తరువాత నీరు. ఈ క్రమం తప్పితే గోడలు తడిసి ఆ చిప్పు ఆ రోజుకు పనికిరాదు. నూనెను నిమిషానికి 2 మైక్రోలీటర్లు, నీటి ప్రవాహాలన్నీ కలిపి 1 మైక్రోలీటరు పంపితే పైన అనుకున్న వేగం వస్తుంది; 0.75 నానోలీటర్ల బొట్లు సెకనుకు సుమారు 22 పుడతాయి. ఇంత తక్కువ వేగంలో పెద్ద సిరంజి పెడితే పంపు మోటారు ఒక్కో అడుగూ వేసినప్పుడల్లా ప్రవాహం ఉలికిపడుతుంది, కనుక 250 మైక్రోలీటర్లదో, 1 మిల్లీలీటరుదో గాజు సిరంజి వాడండి. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి ఉన్నా అది స్ప్రింగులా కుంచించుకుంటూ సాగుతూ బొట్ల పరిమాణాన్ని ఊగిస్తుంది. పంపులు తిప్పాక పది నిమిషాలు ఆగి, వరుసగా వచ్చే బొట్ల పొడవులు కొలిచి, తేడా రెండు మూడు శాతం లోపు ఉంటేనే చిత్రాలు మొదలుపెట్టండి.

కరెంటు పోతే పంపులు ఆగి నీరు నూనె ప్రవేశంలోకి వెనక్కి పోతుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. వేసవిలో ఏసీ సరిగా పనిచేయని గదిలో చేసిన కొలతనూ, జనవరిలో చేసిన కొలతనూ నేరుగా పోల్చవద్దు. 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు పోతే నీటి స్నిగ్ధత 0.89 నుంచి 0.72 మిల్లీపాస్కల్ సెకన్లకు తగ్గుతుంది, దానితో వ్యాపన గుణకం పావు వంతుకు పైగా పెరుగుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు గదుల్లో ఆ పది డిగ్రీలు పెద్ద లెక్క కాదు. చిప్పు పక్కనే థర్మామీటరు పెట్టి, ప్రతి వరుసకూ ఉష్ణోగ్రత రాయండి.

కాలువ వెంబడి చిత్రాలు

బొట్టు వేగం నిలకడగా ఉన్నంతవరకు కాలువలోని ప్రతి చోటూ ఒక కాలాన్ని సూచిస్తుంది. సంధి (నీరు నూనెను కలిసి బొట్టుగా తెగే చోటు) నుంచి 1 మిల్లీమీటరు దూరం అంటే 100 మిల్లీసెకన్లు. వంకర కాలువలో దూరాన్ని కాలువ మధ్య గీత వెంబడి కొలవాలి, తిన్నగా కాదు. వేగాన్ని పంపు మీద కనిపించే అంకె నుంచి లెక్కగట్టవద్దు. వరుస చిత్రాల్లో ఒకే బొట్టు ఎంత జరిగిందో కొలిచి తెలుసుకోండి. బొట్లు సెకనుకు 22 వస్తుంటే, చిత్రాలు సెకనుకు కనీసం 100 ఉండాలి. తక్కువైతే వెనుక బొట్టును ముందు బొట్టుగా పొరబడి వేగాన్ని తప్పుగా తేలుస్తారు. తొలి మలుపులకు ముందు దగ్గరదగ్గరగా, తరువాత ఎడంగా, ఎనిమిది పది చోట్ల ఒక్కొక్క చోట కనీసం 50 బొట్ల చిత్రాలు తీయండి. 16 బిట్ల టిఫ్ రూపంలోనే భద్రపరచండి. జేపెగ్‌లో దాస్తే సన్నని పొరలు కుదింపులోనే చెరిగిపోతాయి.

వీటికి తోడు నాలుగు ఆధార చిత్రాలు కావాలి: దీపం ఆర్పి తీసిన చీకటి చిత్రం, కాలువంతా ఒకే రంగు ద్రావణం నింపి తీసిన సమతల చిత్రం, సంధి దగ్గరే తీసిన కలవని బొట్లు, బయట ట్యూబులో ముందే కలిపి పంపిన బొట్లు. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. బొట్టు అంచు వంపు వల్ల, నీరు, నూనె, పీడీఎంఎస్‌ల వక్రీభవన గుణకాలు వేరుకావడం వల్ల పూర్తిగా కలిసిన బొట్టు కూడా చిత్రంలో ఒకే తీవ్రతతో కనిపించదు. ఆ బొట్టు ఎలా ఉంటుందో తెలియకపోతే కలయిక ఎప్పుడు ముగిసిందో చెప్పే ఆధారమే ఉండదు.

లెక్క

ఇమేజ్‌జె ఉచిత సాఫ్ట్‌వేర్, ఈ పనికి అది చాలు. ప్రతి చిత్రం నుంచీ చీకటి చిత్రాన్ని తీసివేసి, అలాగే చీకటిని తీసివేసిన సమతల చిత్రంతో భాగించండి. బొట్టును గుర్తించి, అంచు నుంచి పదో వంతు వెడల్పును వదిలేసి, లోపలి భాగంలోని పిక్సెళ్లకు సగటు, ప్రామాణిక విచలనం తీయండి.

ఇక్కడ ఒక తప్పు అందరూ చేస్తారు, నేనూ చేశాను. చిత్రం గరగరలాడుతోందని 50 బొట్లను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు చిత్రం చేసి, దానికి విచలనం తీస్తారు. పొరలు ఒక్కో బొట్టులో ఒక్కో చోట ఉంటాయి కనుక సగటు చిత్రంలో అవన్నీ మాయమై, అద్భుతమైన కలయిక కనిపిస్తుంది. ముందు ఒక్కో బొట్టుకు విచలనం తీయండి, ఆ తరువాత ఆ అంకెలకు సగటు తీయండి.

ఫ్లోరెసీన్‌కు విచలనాన్ని సగటుతో భాగించి, ఆ అంకెను వర్గం చేయండి. ముందే కలిపిన బొట్టుకు వచ్చిన వర్గాన్ని దాని నుంచి తీసివేయండి. కెమెరా గోల (పిక్సెళ్లలో వచ్చే యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు), అంచు వంపు వంటివి స్వతంత్రంగా కలుస్తాయి కనుక తీసివేయవలసింది విచలనాలను కాదు, వాటి వర్గాలను. మిగిలినదాని వర్గమూలాన్ని, కలవని బొట్టుకు ఇదే విధంగా వచ్చిన విలువతో భాగిస్తే, 1 నుంచి 0కు దిగే ఒక సూచిక దొరుకుతుంది. అది 0.1కి దిగిన కాలాన్ని కలయిక కాలంగా తీసుకోవచ్చు, ఆ హద్దును మీరే ఎంచుకున్నారని మాత్రం రాయండి. ఫ్లూయో-4కు ఈ సూచిక పనికిరాదు, అక్కడ సగటే పెరుగుతూ పోతుంది. దానికి బొట్టు సగటు వెలుగును, ముందే కలిపిన బొట్టు సగటు వెలుగుతో భాగించి, 0.9 దాటిన కాలాన్ని చూడండి.

ఇప్పుడు తిన్నని కాలువ సాక్ష్యం అడగండి. ద్రవాలు ఎడమ కుడులుగా ప్రవేశించే అమరికలో తిన్నని కాలువ బొట్టు, వంకర కాలువ బొట్టుతో సమానంగా కలిసిపోయిందని మీ సూచిక చెబితే, అది మసకను కొలుస్తోంది. ఫ్లోరెసీన్ చెప్పిన కాలం ఫ్లూయో-4 చెప్పిన కాలం కంటే బాగా తక్కువైనా అదే రోగం. ఎక్స్‌పోజర్, ఫోకస్, బిన్నింగ్ అన్నీ వరుసగా తిరిగి చూడండి, రెండూ దగ్గరపడే వరకు అంకెలను ఎవరికీ పంపవద్దు.

రోజు చివర పంపులు ఆపే ముందు, ఉదయం తీసిన ముందే కలిపిన బొట్లను మరోసారి పంపి, అదే ఎక్స్‌పోజర్‌తో తీయండి. సగటు వెలుగు ఉదయానికీ సాయంత్రానికీ అయిదు శాతం కంటే ఎక్కువ మారి ఉంటే దీపమో, రంగో, ఫోకస్సో జారింది. ఆ రోజు ఫ్లూయో-4 కొలతలను పక్కన పెట్టి, మరునాడు మళ్లీ తీయండి.